దుంగ మనది, లెక్క ఎవరిది?

పోయిన వేసవిలో నా నాలుగెకరాల జామాయిల్ తోట కొట్టించాను. వ్యాపారి మొత్తం కర్రకు టన్నుకు ఒకటే ధర కట్టాడు. లోడింగ్ దగ్గర నిలబడి చూస్తే దొడ్డు దుంగలు ఒక లారీకి, సన్న కర్ర ఇంకో లారీకి ఎక్కిస్తున్నారు. ఎందుకని అడిగితే ‘సన్నది కాగితానికి, దొడ్డుది ప్లైవుడ్‌కు’ అన్నాడు హమాలీ. లారీలు రెండు, సరుకు రెండు రకాలు. నా కాటా చీటీలో మాత్రం ఒకటే రకం, ఒకటే ధర.

రైతు సోదరులారా, ప్లైవుడ్ షీటును అంచు నుంచి చూడండి, పొరలు కనిపిస్తాయి. నునుపైన పై పొర చాలావరకు విదేశీ కర్ర. లోపలి పొరలు జామాయిల్, పాప్లర్ వంటి, రైతు పొలంలో పెరిగిన కర్ర. పై పొర కోసం ఒకప్పుడు బర్మా నుంచి గర్జన్ దుంగలు వచ్చేవి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఆ దేశం ముడి దుంగల ఎగుమతిని నిషేధించింది. ఆఫ్రికాలోని గాబన్ 2010లోనే ఆ పని చేసింది. దాంతో మన దేశపు కంపెనీలే గాబన్ వెళ్లి వెనీర్ మిల్లులు పెట్టాయి. దుంగను పొరలుగా చెక్కే పని, దాని కూలి ఆ దేశంలోనే మిగిలాయి.

మన ఖమ్మం, భద్రాద్రి జిల్లాల్లో జరిగేది దీనికి తలకిందులు. కర్ర పచ్చిగా, బరువు మీద పోతుంది. సారపాక కాగితం మిల్లు మన తోటలకు ఆధారమైన మాట నిజమే. కానీ ఒక్క గేటునే నమ్ముకుంటే ఏమవుతుందో మంగపేట మండలం కమలాపురాన్ని అడగండి. అక్కడి గుజ్జు మిల్లు 2014లో ఆగిపోయింది.

పైగా ఆసియాన్ దేశాల కాగితం, నేపాల్ ప్లైవుడ్ దిగుమతి సుంకం లేకుండా వస్తున్నాయి. అక్కడి సరుకు చవకైతే ఇక్కడి మిల్లు ముందుగా కోసేది మన టన్ను ధరనే. 2025 ఫిబ్రవరి నుంచి ఐఎస్ఐ గుర్తు లేని ప్లైవుడ్ అమ్మకూడదన్న కేంద్రం ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. విదేశీ నాసిరకం సరుకుకు అడ్డుకట్ట పడితే మంచిదే. మిల్లు యజమానికి రక్షణ దొరికింది. అందులో రైతు వాటా ఏది?

అందుకే మన సంఘం అడుగుతున్నది ఇది. ఒకటి, కర్రను లావును బట్టి వేరు చేసి, వేర్వేరు ధర కట్టి, కాటా చీటీలో రాయాలి. రెండు, తోట మీద బ్యాంకు రుణం ఇవ్వాలి. అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటే నాలుగో ఏడే నరుకుతాం, ఇంకో రెండు మూడేళ్లు ఆగగలిగితేనే కర్ర దొడ్డు తేలుతుంది. మూడు, రైతు సహకార సంఘాలు వెనీర్ మిల్లు పెట్టుకుంటామంటే సర్కారు లైసెన్సు ఇచ్చి, పెట్టుబడికి సాయం చేయాలి. గోదావర్మన్ కేసులో 1996 నుంచి సుప్రీంకోర్టు ఇస్తూ వచ్చిన ఉత్తర్వుల తర్వాత కర్ర మిల్లులపై కట్టడి పెరిగింది. అడవి చెట్టు మీద గొడ్డలి పడకూడదన్నది మన మాట కూడా. ఏ సర్వే నంబరులో పెరిగిన కర్రో పట్టా చూసి రాసుకోండి, తనిఖీ చేయండి. అడవి పేరు చెప్పి పొలం కర్రను ఆపవద్దు. నాలుగు, ఆసియాన్ ఒప్పందాన్ని సమీక్షించేటప్పుడు కాగితం మిల్లుల మాటతో పాటు కర్ర రైతు మాట కూడా వినాలి.

ఢిల్లీ వినేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈసారి బేరానికి ముందు టేపు పట్టుకుని తోటలోకి వెళ్లండి. దొడ్డు చెట్లెన్నో, సన్నవెన్నో లెక్క రాసుకోండి. ఒక్కరుగా కాదు, ఊళ్లో కర్ర రైతులంతా కలిసి బేరానికి కూర్చోండి. ఆ లెక్కలను గ్రామ కమిటీ సమావేశానికి తెండి. లెక్క మన దగ్గర లేనన్నాళ్లూ ధర చెప్పేది ఎదుటివాడే.