బండికి వణుకొస్తే... ముందు ఆయిల్ చూడండి

మచిలీపట్నం నుంచి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్లే 216 జాతీయ రహదారి. వెనక నాలుగు మేత బస్తాలు, రిపేరు చేయించిన ఏరియేటర్ మోటారు. బండి అరవై దాటి డెబ్భైకి చేరింది. యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి ఉంచారంతే... కింద నుంచి గుర్రుమంటూ వణుకు! రోడ్డుకు అడ్డంగా వరసగా వేసిన గీతల మీంచి పోతున్నట్టు రెండు క్షణాలు ఊగి, మళ్లీ మామూలైపోతుంది. దివిసీమ చెరువుల గట్ల మీద తిరిగే ఆటోమేటిక్ పికప్‌కి ఇలా జరిగిందంటే, యజమాని గుండెలో పడే మొదటి రాయి ఒకటే.

''అబ్బాయ్, గేర్‌బాక్సు పోయినట్టేనా?''

పోయినట్టయితే లక్షల మాట. కానీ చాలాసార్లు అంత దూరం వెళ్లక్కర్లేదు.

మన వైపు సరుకు మోసే బండ్లలో అత్యధికం క్లచ్ తొక్కి గేరు మార్చేవే. బయల్దేరేటప్పుడు మాత్రమే అవి వణికాయంటే క్లచ్ ప్లేటును అనుమానించాలి. అది వేరే కథ. ఆటోమేటిక్ పికప్‌లు ఇటీవలే వచ్చాయి. 2016లో మన శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచిన ఇసుజు, 2019లో వి-క్రాస్‌ను ఆటోమేటిక్‌లో తెచ్చింది. 2022లో టయోటా హైలక్స్ వచ్చింది. వీటిలో క్లచ్ పెడల్ ఉండదు. ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య టార్క్ కన్వర్టర్ అనే ఉక్కు డొల్ల ఉంటుంది. శక్తిని ఆయిలే అటు నుంచి ఇటు అందిస్తుంది. బండి నిలకడగా పరిగెత్తేటప్పుడు మాత్రం లోపలున్న చిన్న క్లచ్ ఒకటి రెండు వైపుల్నీ కలిపి పట్టుకుంటుంది. ఆయిల్ పాడైతే ఆ పట్టు కుదరదు. పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం... వణుకంటే అదే.

ఇంజిన్ సరిగా మండకపోయినా ఇలాగే ఉంటుంది. తేడా తెలియక ఇంజెక్టర్లు విప్పించుకున్నవాళ్లూ ఉంటారు. దీనికో చిన్న పరీక్ష ఉంది. వెనక బండ్లేవీ లేని చోట వణుకు మొదలవగానే, యాక్సిలరేటర్ మీద కాలు తీయకుండా, ఎడమ కాలితో బ్రేకును తేలిగ్గా తాకించాలి. గట్టిగా తొక్కకూడదు సుమా! బ్రేకు తాకగానే ఆ చిన్న క్లచ్ వదిలేస్తుంది. వణుకు టక్కున ఆగిందంటే అనుమానం కన్వర్టర్ మీదికి, అంటే ముందుగా ఆయిల్ మీదికి వెళుతుంది.

ఆయిల్ ఎందుకు పాడవుతుంది? పాతబడటం, తగ్గిపోవడం, ఏదో ఒకటని వేరే రకం పోసేయడం... ఇవి ఎక్కడైనా ఉన్నవే. డెల్టాలో వీటికి తోడు నీళ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వచ్చినప్పుడు లంక గ్రామాల దారులు ఏమయ్యాయో అందరికీ తెలిసిందే. అలాంటి నీళ్లలోకి వేడెక్కిన బండిని దింపితే గేర్‌బాక్సు ఒక్కసారిగా చల్లబడుతుంది. వేడి గిన్నెకు మూత పెట్టి వదిలేస్తే చల్లారాక మూత బిగుసుకుపోతుంది కదా! ఇక్కడా అంతే. లోపలి గాలి కుంచించుకుపోయి, గాలి ఆడటానికి పెట్టిన గొట్టం గుండా బయటి నీటిని లాక్కుంటుంది. క్లచ్ పలకల మీద అంటించినది కాగితం లాంటి పదార్థం. నీరు దాన్ని నానబెట్టి జిగురు వదిలిస్తుంది. కాబట్టి మునిగిన బండికి వణుకు వచ్చేదాకా ఆగకూడదు. ఉప్పునీటి చెరువుల దగ్గర తిరిగే బండికైతే అడుగున ఆయిల్ కూలర్ పైపులు తుప్పు పట్టి కారుతున్నాయేమో కూడా చూడాలి.

ఇక లెవెల్ చూడటం. ఇంజిన్ ఆయిల్‌లా గేజ్ తీసి చూద్దామంటే ఇప్పటి చాలా ఆటోమేటిక్‌లలో అసలు గేజే ఉండదు. అడుగున ఒక ఓవర్‌ఫ్లో నట్టు ఉంటుంది. బండి నాలుగు చక్రాల మీదా సమంగా ఉండాలి. ముందు మాత్రమే జాకీ ఎత్తితే చూసిన లెవెలంతా అబద్ధం. ఇంజిన్ నడుస్తుండగా బ్రేకు తొక్కి అన్ని గేర్లలోకీ ఒక్కోసారి మార్చి, పార్కింగ్‌కి తెచ్చి, అప్పుడు నట్టు విప్పాలి. ఆయిల్ సన్నగా కారి, చుక్కలుగా మారితే సరిపోయినట్టు. అసలు రాకపోతే తక్కువ, ధారగా పోతే ఎక్కువ. ఎక్కువైనా నష్టమే, లోపల తిరిగే భాగాలు చిలికి నురగ చేసేస్తాయి.

అన్నిటికన్నా కీలకం వేడి. చాలా బండ్లలో ఈ పరీక్ష ఆయిల్ సుమారు 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే చేయాలి. సరైన అంకె ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది కనుక, బాగా కాగిన బండిలో చూస్తే తక్కువున్నా సరిపోయినట్టు కనిపిస్తుంది. చలి దేశాల్లో ఇంజిన్‌ని కాసేపు నడిపి ఆ వేడి తెప్పిస్తారు. మే నెలలో గుడివాడలో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండికి ఆ అవసరమే ఉండదు, స్టార్ట్ చేసేలోపే గీత దాటిపోయి ఉండొచ్చు! రాత్రంతా నీడలో చల్లారిన బండిని పొద్దున్నే చూడటం మేలు. చేత్తో తాకి వేడి చెప్పేవారిని నమ్మొద్దు, స్కానర్ పెట్టమనండి.

తీసిన ఆయిల్ ఎర్రగా, తేటగా ఉంటే మంచిదే. నల్లబడి మాడు వాసన వేస్తే పాతది. స్ట్రాబెర్రీ పాలలా గులాబీ రంగుకు తిరిగితే నీళ్లు కలిసినట్టే, ఇక బండిని నడపకుండా వర్క్‌షాపుకు లాగించుకెళ్లాలి. మసి లాంటి పొడి కొద్దిగా ఉండటం మామూలే కానీ, లోహపు ముక్కలు కనబడితే మాత్రం ఆయిల్‌తో పోయే జబ్బు కాదది.

మార్చేటప్పుడు ఒక చిక్కుంది. అడుగు నట్టు విప్పితే మొత్తం ఆయిల్ రాదు, సగమో అంతకన్నా తక్కువో వస్తుంది. మిగతాది కన్వర్టర్‌లో, పైపుల్లో నిలిచిపోతుంది. అందుకే కొంత తిప్పి, రెండోసారి, అవసరమైతే మూడోసారి కూడా మార్చాల్సి వస్తుంది. తొలిసారి మార్చాక వణుకు తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చిందని కంగారుపడనవసరం లేదు. 'అన్ని బండ్లకూ పనికొస్తుంద'నే డబ్బాల జోలికి మాత్రం పోకండి, మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి. బయటికి వచ్చిన ఆయిల్‌ని పారబోయనివ్వకుండా కొలిపించి, అంతే కొత్తది పోయించి, లెవెల్ మళ్లీ చూపించుకోండి.