ఫాయిల్ బేరింగు నిలుకడకు ఒక స్థిరాంకము చాలదు

నూనె చుక్క లేకుండ, కొద్ది మైక్రోనుల గాలిపొరపై షాఫ్టును మోసెడి ఫాయిల్ బేరింగులు 1970ల నుండి విమానముల శీతలయంత్రములలో తిరుగుచున్నవి. నూనె తుంపర సోకినచో చెడిపోవు, కార్లను నడుపగల హైడ్రోజన్ ఇంధనకోశములకు గాలి నందించు కంప్రెసర్లలోనికి ఇప్పుడు వచ్చినవి. పెనుకొండ చెంత ఎర్రమంచిలో 2019 నుండి కియా కార్లు తయారగుచుండగా, ఈ విద్య మన ప్రాంతపు యువకులకు దూరపు సంగతి కాదు. కావుననే దానిని అల్లుకొన్న ఒక నమ్మకమును ఖండింపక తప్పదు.

షాఫ్టు నెదుర్కొను పలుచని రేకు క్రింద ముడతల రేకు ఉండును. ఆ ముడతలను స్ప్రింగుల వరుసగా భావించి, వాని రాపిడిచే కలుగు కంపశమనమునకు ఒక స్థిరాంకము వేసి, స్వల్పకంపమునకు బేరింగు బిగువును, శమనమును తెలుపు ఎనిమిది గుణకములు గణించినచో, షాఫ్టు ఏ వేగమున నిలుకడ తప్పునో తేలిపోవునని పలువురి విశ్వాసము. రేనాల్డ్స్ 1886లో నూనెపొరకు వ్రాసిన సమీకరణమును 1913లో హారిసన్ గాలికి విస్తరింపగా, 1983లో హేష్మత్, వాలోవిట్, పింకస్‌లు దానిని వంగెడి రేకునకు జతపరచిరి. బేరింగు మోయు భారమును గణించుటకు ఆ పద్ధతి మిక్కిలి గొప్పది. భారమునకు చెల్లిన మాటను స్థిరత్వమునకు సాక్ష్యముగా నిలుపుటయే నా ఆక్షేపము.

పొడి ఘర్షణ స్వభావము చూడుడు. కంపము అత్యల్పమైనపుడు ముడత జారనే జారదు. బిగిసి యుండును, శక్తిని హరింపదు. కంపము పెరిగి జారుట మొదలైన పిదపనే శమనము పుట్టును. సూక్ష్మకంపమునకే చెల్లెడి గణితము, శమనము లేని చోటనే శమనమును కల్పించి, యంత్రము స్థిరమని తీర్పు చెప్పుచున్నది! ఆ గణితము అస్థిరమన్న చోటనో, షాఫ్టు తన భ్రమణముకన్న తక్కువ పౌనఃపున్యమున ఊగుచు, జారుడుచే ఒక పరిధిలో కట్టుబడి చిరకాలము నడువవచ్చును. ఆ పరిధి వెడల్పెంతయో గుణకములు చెప్పజాలవు. అందుకు కంపమును కాలక్రమమున వెంబడించు పూర్తి గణన కావలెను. దానికి కాలము చాలదన్న వాదమును, గాలిపొర, రేకు, షాఫ్టు సమీకరణములను ఏకకాలమున సాధించి 2014లోనే బోనెల్లో, ఫామ్‌లు తొలగించిరి.

ఆ గణనలో యంత్రము నడుచు చోటి పరిస్థితులును చేరవలెను. హిందూపురము సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. అచటి వాయుపీడనము తీరముకన్న సుమారు 7 శాతము తక్కువ. మహావేగమున గాలిపొర మోయు భారము పరిసరపీడనముతో ముడిపడి యుండును. ధర్మవరపు ఎండకు గాలి జిగట మారును. ముడతలు ఆనుకొను చోట్ల రాపిడిచే ఘర్షణయు మారును. ఈ ప్రాంతమున నడువవలసిన యంత్రమునకు లెక్క కట్టువారు 94 కిలోపాస్కల్ పీడనమునే తీసుకొని, నొక్కి వదలి కొలిచిన రేకు ఘర్షణను, క్రొత్తదానికి ఒకమారు, అరిగినదానికి ఒకమారు లెక్కలో నిలిపి, షాఫ్టును విరామము నుండి పూర్తివేగమునకు, మరల విరామమునకు కాలక్రమమున నడిపి చూపవలెను.