వాగు మనది, గుడారం ఎవలది?

వానకాలం వచ్చిందంటే మన ఫోన్ల నిండ బొగత దుంకుతనే ఉంటది. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌ల బయలెల్లిన కార్లు శనివారం పొద్దుగాల్లకు వాజేడు చేరుకుంటయి. తెల్లని నురగ ముంగట నిలబడి ఒక రీలు, వాగు ఒడ్డుకు మంటేసి ఇంకో రీలు. లైకులు మస్తు వస్తయి. నేను అడిగేది ఒక్కటే. గా ఒడ్డు మీద పడే పైసల లెక్క ఎవని పుస్తకంల రాస్తుండ్రు?

ములుగు జిల్లాల తిరిగెటోళ్లకు చూసెటివి తక్కువ లేవు. పాలంపేట రామప్ప గుడికి 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది. కాకతీయుల కాలం నాటి లక్నవరం చెరువు మీద వేలాడే వంతెనలున్నయి. తాడ్వాయి మండలంల దామెరవాయి రాకాసి గుళ్లు, రెండేండ్లకోపారి జనంతోని నిండే మేడారం జంపన్నవాగు, మంగపేట దిక్కు మల్లూరు గుట్ట, ఏటూరునాగారం అభయారణ్యం, గోదారి దాటితే బొగత. చలికాలంల రెండు రాత్రులు గుడారమేసుకొని ఉంటే తప్ప ఒడవని దారి ఇది.

ఇంత సంపద నడుమ పుట్టిన పిల్లగాండ్లు ఏం చేస్తుండ్రు? ఆ దిక్కు పోయినప్పుడల్లా నాకు కనవడేది ఇదే. ఒకడు పార్కింగ్ చిట్టీలు చింపుతుండు, ఒకడు మక్కకంకులు కాలుస్తుండు, డిగ్రీ చదివిన ఇంకొకడు మిర్చి తోటలకు కూలీలను ఆటోల ఎక్కిస్తుండు. పని ఏదైనా తక్కువది కాదు. కానీ సొంత ఊర్ల జీతగాడు అయితుండు, మాలీకు అయితలేడు. నా బాధ అది.

ఒక ఊహ లెక్క వేద్దాం. వాగు పక్కన పది గుడారాలు. రాత్రికి ఒక్కోదానికి రెండు వేలు. నెలల ఎనిమిది రాత్రులు నిండితే 1,60,000 రూపాయలు. గుడారాలు బయటోనియి అయితే ఊరికి మిగిలేది ఒక కావలిగాని జీతం, ఒక వంటామె కూలి, రెండు బస్తాల ప్లాస్టిక్ సీసలు. అవే గుడారాలు ఊరి సంఘానియి అయితే లెక్క తిరగబడ్తది. గుడారం అదే, వాగు అదే. మారింది పేరొక్కటే.

మరి చట్టం ఏమంటున్నది? జర నిమ్మళంగ చదువుండ్రి, ఇది మీ బతుకు ముచ్చట. షెడ్యూల్డ్ ప్రాంతంల భూమి గిరిజనేతరుల చేతికి పోవుడు చెల్లదని 1/70 చెప్తది. 1997ల సమత కేసుల సుప్రీంకోర్టు ఇంకా గట్టిగ చెప్పింది. గనుల లీజు పేరు మీద సర్కారు కూడా అక్కడి భూమిని ప్రైవేటు కంపెనీలకు ఇయ్యరాదన్నది. 2006 అటవీహక్కుల చట్టంల ఊరి అవసరాలకు అడవి భూమి వాడుకునే 13 పనుల పట్టిక ఉన్నది. బడి, దవాఖాన, అంగన్‌వాడి, తాగునీళ్లు, రోడ్డు లాంటియి. అవి కూడా ఒక్కోటి హెక్టారు లోపే, గ్రామసభ సిఫారసు ఉంటేనే. ఆ పట్టిక మొత్తం చూసుకోండ్రి, రిసార్టు అనే మాట ఎక్కడ లేదు.

అయితే 2023ల కేంద్రం అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించింది. అటవీశాఖ తన ప్రణాళికల రాసుకున్న ఎకో టూరిజం వసతులను అటవీయేతర పనిగ చూడనక్కర లేదన్నది. అంటే ఇంతకుముందు ఢిల్లీ అనుమతి కోసం ఆగిన పని ఇప్పుడు శాఖ కాగితంల ఒక పేరా రాస్తే నడిచే వీలొచ్చింది. ఒక తలుపు సల్లగ తెరిచిండ్రు. ఇంకో తలుపు మాత్రం వాళ్ల చేతుల లేదు. అటవీహక్కుల చట్టం కింద అడవిని, వాగును కాపాడుకునే అధికారం గ్రామసభది. ఆ సవరణ దాన్ని కొట్టేయలేదు. మనం సభకు పోకుండ ఇంట్ల కూసుంటేనే అది పోతది.

ఇగ నీళ్ల ముచ్చట. 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. ఆ రోజులల్లనే వెంకటాపురం మండలంల ముత్యంధార చూడవోయిన 80 మంది దాకా వాగు పొంగి అడవిల చిక్కుకున్నరు. ఎన్డీఆర్‌ఎఫ్ వాళ్లు రాత్రికి రాత్రి పోయి బయటికి తెచ్చిండ్రు. జంపన్నవాగు కొండాయి ఊరిని ముంచింది, అక్కడ మనుషులే కొట్టుకపోయిండ్రు.

బొగత దుంకే చీకుపల్లి వాగు ఛత్తీస్‌గఢ్ దిక్కు గుట్టల నుంచి దిగి గోదారిల కలుస్తది. పైన వాన పడితే కింద ఎండ ఉన్నా నీళ్లు ఉరికొస్తయి. నీళ్ల రంగు మారి ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నయంటే ఒడ్డెక్కాలని ఊరోళ్లకు ఎరుక. ఏ ఇసుకతిన్నె మీద గుడారం వేయరాదో, ఏ రాయి కాడ సుడి ఉన్నదో కూడ ఎరుకే. నగరం నుంచి వచ్చిన పిల్లలకు ఫోన్ల మ్యాప్ కనవడ్తది, సుడి కనవడది. ఆ ఎరుకే మన పెట్టుబడి. దానికి కూలి కాదు, వాటా అడగాలె.

"అన్నా, పైసలెక్కడియి?" అని అడుగుతరు. సక్కని ప్రశ్ననే. 2024ల కేంద్రం తెచ్చిన ధర్తీ ఆబా పథకంల గిరిజన ఊర్లల్ల వెయ్యి హోమ్‌స్టేలకు సాయం అని ఉన్నది. కొత్త గదులు కట్టుకుంటే ఒక ఇంటికి 5 లక్షల దాకా, ఉన్నయి బాగుచేసుకుంటే 3 లక్షల దాకా. మన జిల్లాల ఎన్ని ఇండ్లకు వచ్చినయో ఏటూరునాగారం ఐటీడీఏకు పోయి అడగండ్రి. నోటితోని కాదు, సమాచార హక్కు కింద కాగితం పెట్టి అడగండ్రి.

నమూన కావాలంటే గోదారికి అవతల ఆంధ్రల మారేడుమిల్లి ఉన్నది. అక్కడ అటవీశాఖతోని కలిసి గిరిజనుల వనసంరక్షణ సమితి అడవిల విడిది నడుపుతది. రోడ్డు పొంటి బొంగుల చికెన్ కాల్చి అమ్మేది ఊరోళ్లే. అక్కడ అంత బంగారమే అని నేను అనను. సమితి మీద శాఖ చెయ్యి ఉంటది. శాఖ నడిపే సమితికి, చట్టం ఇచ్చిన గ్రామసభకు తేడా ఉన్నది. సమితిని రేపు ఆఫీసరు మార్చొచ్చు, గ్రామసభను మార్చలేడు. మారేడుమిల్లి నుంచి పని నేర్చుకుందాం, అధికారం మాత్రం గ్రామసభ చేతుల పెట్టుకుందాం.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వచ్చే గ్రామసభల నాలుగు మాటలు తీర్మానం రాయించుండ్రి. ఒకటి, ఊరి హద్దుల ఏ గుడారం, ఏ విడిది అయినా సభ ఒప్పుకోకుంటే పడొద్దు. రెండు, టికెట్ పైసల లెక్క ఏటా సభ ముంగట చదవాలె. మూడు, వాగు కాడ కావలి ఉండే ఊరి పిల్లలకు ఈత, రక్షణ శిక్షణ, బీమా ఇయ్యాలె. వాగు పొంగితే మూసే మాట వాళ్లదే కావాలె. నాలుగు, అభయారణ్యం పక్కన డీజే, మంట, ప్లాస్టిక్ బందు. తీర్మానం మీద సంతకాలు చేసి ఒక నకలు మీ కాడ ఉంచుకోండ్రి.

రీలు తీయొద్దని నేను అంటలేను. మంచిగ తీయండ్రి, పది మందిని పిలువుండ్రి. కానీ పిలిచినోడే ఇంటాయన అయి ఉండాలె. చుట్టాలు వచ్చినంక ఇంటాయన దర్వాజ కాడ చిట్టీలు చింపుకుంట నిలబడితే, ఆ ఇల్లు ఎవలదని అనుకోవాలె?