కొన్నవానికే కాపలా

సాఫ్ట్‌వేర్‌ను దొంగిలించుట తప్పు కాదని మేము వాదించము. కాని కాపలా అంతా ధర చెల్లించినవాని గుమ్మం ముందే ఎందుకు? ఉర్దూ కూర్పునకు వాడే ఇన్‌పేజ్ అసలు ప్రతికి డాంగిల్ అనే తాళాన్ని కంప్యూటర్‌కు తగిలించి ఉంచవలసి వచ్చేది. అది చెడితే పని నిలిచేది. బజారు నకలుకు ఆ చిక్కే లేదు! 2007 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ తనిఖీ సర్వర్లే పొరబడి, రొక్కమిచ్చి కొన్న విండోస్ ప్రతులను సైతం నకిలీవని ముద్ర వేసినవి. తుపానుకు ఇంటర్నెట్ తెగిన నాడు, లైసెన్సు రుజువు చేయమనే యంత్రానికి దివిసీమ విద్యార్థి ఏమని బదులు చెప్పగలడు?

సిలికానాంధ్ర విడుదల చేసిన 'మండలి' ఖతి ఉచితం (ఆ పేరు దివిసీమకు కొత్త కాదు). తాళం లేదు, తనిఖీ లేదు. మచిలీపట్నంలో అచ్చయినా, గుడివాడలో అచ్చయినా, మన సంచిక తెలుగు పుటలను ఇకపై దానితోనే కూర్పించవలసినదిగా కమిటీ వారికి మా మనవి. ఉర్దూ పుటలకూ యూనికోడ్ నస్తాలీఖ్ ఖతులు ఉన్నవి.