లాబాను లెక్క

యాకోబు తన మామ లాబాను దగ్గర ఇరవై ఏళ్లు చాకిరీ చేశాడు. ఆ కాలంలో మామ తన జీతాన్ని పదిసార్లు మార్చాడని భార్యల దగ్గర వాపోయాడు (ఆదికాండము 31:7). ఒప్పందం ఇద్దరిదీ, మార్చే అధికారం మాత్రం ఒక్కడిదే!

బ్రిటన్‌లో ఫోన్, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలదీ ఇదే లెక్క. రెండేళ్లకు సంతకం చేసినవారికి ఏటా ద్రవ్యోల్బణంపై మరో 3.9 శాతం కలిపి బిల్లు పెంచే షరతు చాలా ఒప్పందాల్లో ఉండేది. 2023లో కొందరికి ఆ పెంపు 14.4 శాతానికి చేరింది. మధ్యలో మానుకుంటే జరిమానా! అందుకే నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2025 జనవరి 17 నుంచి కొత్త ఒప్పందాల్లో ఈ పద్ధతిని నిషేధించింది. పెంచదలిస్తే ఎన్ని పౌండ్లో, ఎప్పటినుంచో ముందే చెప్పాలంది. అయినా అదే ఏడాది అక్టోబరులో ఓ2 సంస్థ, నెలకు 1.80 పౌండ్లని ముందు చెప్పిన పెంపును 2.50 పౌండ్లకు మార్చింది. ఇష్టం లేనివారు 30 రోజుల్లో జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చంది, అయితే ఫోన్ బాకీ ఉంటే కట్టాల్సిందే. ఇది నిబంధనల స్ఫూర్తికి విరుద్ధమని ఆఫ్‌కామ్ ఆక్షేపించింది గానీ ఆపలేకపోయింది. నిబంధన నిలిచింది, మాట నిలవలేదు.

తనకు నష్టమొచ్చినా మాట తప్పనివాడే దేవుని గుడారంలో ఉండదగినవాడని 15వ కీర్తన బోధిస్తోంది. ప్రియులారా, కంపెనీలను నిందించడం తేలికే. మరి పనిమనిషితో, కూలీతో, మన ఇంట్లో అద్దెకున్నవారితో కుదుర్చుకున్న మాటను మధ్యలో మనమే మార్చడం లేదా? వెళ్లిపోయే దారి లేనివాడితో మనమెలా నడుచుకుంటామన్న దానిలోనే మన విశ్వాసం బయటపడుతుంది.