సూది గుచ్చి, చూస్తున్నామంటారా?

9,543 అంగీకార పత్రాలు. వాటిలో 2,763 మీద ఉన్న సంతకం హాస్టల్ వార్డెన్లది. మరో 1,948 మీద వేలిముద్రలు. కాగితంలో ఏముందో ఆ వేలిముద్రలు వేసినవాళ్లకు ఎవరు చదివి చెప్పారు?

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో జరిగిన సంగతి ఇది. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, మన ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేయించాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా, మూడు డోసులు. వాళ్లలో చాలామంది ఆశ్రమ హాస్టళ్లలో చదువుకునే గిరిజన బాలికలు. దానికి ‘ప్రదర్శన ప్రాజెక్టు’ అని పేరు పెట్టారు. నిలదీస్తే, ఇది పరిశీలనాత్మక అధ్యయనమేనన్నారు.

పరిశీలన అంటే ఏమిటో వాళ్లకు తెలియదా? 1951లో పరిశోధకులు డాల్, హిల్ బ్రిటన్ డాక్టర్ల మీద మొదలుపెట్టింది పరిశీలన. ఎవరు సిగరెట్ తాగాలో వాళ్లు చెప్పలేదు. తాగినవాళ్లకూ తాగనివాళ్లకూ ఏమైందో ఏళ్ల తరబడి రాసుకున్నారు. ఇక్కడ పిల్లల్ని ఎంచింది ప్రాజెక్టు, సూది గుచ్చింది ప్రాజెక్టు. మార్కెట్లో అనుమతి ఉన్న టీకానే కదా అని వాదించారు. నిజమే, అనుమతి ఉంది. అయితే ఆ పిల్లలేమైనా మందుల షాపుకెళ్లి కొనుక్కుని వేయించుకున్నారా?

క్లినికల్ ట్రయల్ అని ఒప్పుకుంటే కన్నవాళ్లకు అంతా చెప్పి ఒప్పించాలి, పిల్లలకు బీమా చేయించాలి, ఎవరికి ఒంట్లో బాగోకపోయినా వెంటనే డాక్టరు అందుబాటులో ఉండాలి. పరిశీలన అనేసరికి ఈ పూచీలన్నీ ఎగిరిపోయాయి. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ వాదనను ఒప్పుకోక కడిగేసింది.

ఖమ్మంలోనూ, ఇదే పని జరిగిన గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ చావులకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని విచారణ సంఘం తేల్చింది. దాన్ని నేను కాదనను. కానీ టీకా వేయించుకోని అదే ఈడు పిల్లల్ని కూడా పక్కన పెట్టి చూసి ఉంటే, ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి ఆరా తీసి ఉంటే, ఆ మాట కన్నతల్లి ముందు లెక్కలతో చెప్పగలిగేవాళ్లం. ఆ లెక్కలు లేవు కాబట్టే మంచి టీకా మీద కూడా అనుమానం మిగిలింది. ఆడవాళ్ల ప్రాణాలు కాపాడే టీకాకు ఇంతకంటే ద్రోహం ఏముంది?

2024 మధ్యంతర బడ్జెట్‌లో 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ రకం టీకానే ప్రోత్సహిస్తామన్నారు. మంచిదే, ఇవ్వండి. కానీ ఎప్పుడైనా పరిశోధన పేరుతో గిరిజన ఏజెన్సీ ప్రాంతానికి వస్తే, అది ఏ రకం అధ్యయనమో మొదటి పేజీలోనే రాయండి. ఏదైనా జరిగితే ఎవరు జవాబుదారో పేరుతో సహా రాయండి. కోయగూడెంలో కోయ భాషలోనే చెప్పండి. సంతకం తల్లిదండ్రులను అడగండి, వార్డెన్‌ను కాదు.