పగుళ్లు చెరిపిన ఫోటో మన పక్షాన సాక్ష్యం చెప్పదు

ఫోటో తీయడం మనవారికి కొత్త విద్య కాదు. మా జంగారెడ్డిగూడెంలో పెళ్లిళ్లకు కెమెరా పట్టే ముస్లిం యువకులు ఉన్నారు. పగలు తీసిన చిత్రాలకు రాత్రి కంప్యూటర్ ముందు మెరుగులు దిద్దుతారు. ముఖంపై మచ్చ తీసేస్తారు, మాసిన గోడకు రంగు తెస్తారు, ఇరుకు గదిని విశాలమైన హాలుగా చూపుతారు. ఇంత నేర్పు గల మన సమాజం వద్ద తన మస్జిద్ లోపలి భాగానికి, ఈద్గాహ్ ప్రహరీకి, కబరస్తాన్ హద్దురాళ్లకు తేదీతో కూడిన సమగ్ర చిత్రాలు ఉన్నాయా? ఉన్నాయని ధైర్యంగా చెప్పగల కమిటీలు ఎన్ని? ఇది ఇతరులను నిలదీసే ప్రశ్న కాదు. మనల్ని మనమే అడుగుకోవలసిన ప్రశ్న.

ఇది అలంకారానికి సంబంధించిన విషయం కాదు, హక్కులకు సంబంధించినది. 2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం ‘వాడుక ద్వారా వక్ఫ్’ అనే భావనను ఇకముందుకు తొలగించింది. అప్పటికే నమోదైన ఆస్తులు సైతం వివాదంలో ఉన్నా, ప్రభుత్వ భూమి అయినా ఆ రక్షణకు నోచుకోవు. అదే ఏడాది జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్ ఆస్తుల కొలతలు, స్థాన వివరాలు అడిగింది. ఈ చట్టం అన్యాయమని మనం వాదిస్తున్నాము, వాదిస్తూనే ఉండాలి. అయితే ‘ఇక్కడ తరతరాలుగా నమాజు జరుగుతున్నది’ అని నోటితో చెప్పడం వేరు, చూపించడం వేరు. ఫోటో పట్టా కాదు, నిజమే. కాని ఫలానా రోజున ఈ కట్టడం ఇక్కడ ఉన్నదని, ఇలా ఉన్నదని, వాడుకలో ఉన్నదని అది చెప్పగలదు.

2020 జూలైలో తెలంగాణ సచివాలయ పాత భవనాలను కూల్చినప్పుడు ఆ ప్రాంగణంలోని రెండు మస్జిదులు ధ్వంసమయ్యాయి. కొత్తవి కట్టి 2023 ఆగస్టులో ప్రారంభించారు. మస్జిదును తిరిగి కట్టవచ్చు. పాత మిహ్రాబ్‌ను మన పిల్లలు చూడాలంటే ఫోటో తప్ప దారి లేదు. మన గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలోని పాత మస్జిద్ 1324 నాటిదని నేడు మనకు తెలుస్తున్నదంటే, ఆనాటివారు పారశీక శాసనంలో తేదీ చెక్కించబట్టే. మన తరం ఏమి చెక్కిస్తున్నది? పాత గచ్చుపై టైల్స్ పరచి, ప్రారంభోత్సవం నాడు దాతలను వరుసగా నిలబెట్టి ఫోటో తీయిస్తున్నది!

కట్టడాలను చిత్రించడం వేరే విద్య, దానిని నేర్చుకోవాలి. కెమెరాను స్టాండుపై సమతలంగా నిలిపితేనే గోడలు వాలిపోకుండా నిటారుగా కనిపిస్తాయి. ప్రతి గోడను ఎదురుగా, ప్రతి గదిని నాలుగు మూలల నుండి తీయాలి. మరీ వెడల్పు లెన్సు గదిని సాగదీసి అబద్ధం చెబుతుంది. ట్యూబులైట్లు ఆర్పి పగటి వెలుతురులో తీయాలి. కిటికీ తెల్లబారకుండా, మూల నల్లబడకుండా ఒకే చోటి నుండి మూడు వెలుగుల్లో తీసి కలపాలి.

మెరుగు దిద్దడానికీ హద్దు ఉన్నది. వంగిన గీతను సరిచేయడం, అసలు రంగును రప్పించడం, చీకటి మూలను కనిపించేలా చేయడం సబబే. పగులును పూడ్చడం, కారుతున్న కప్పు మరకను తుడవడం, ప్రహరీని ఆనుకొని వెలసిన రేకుల షెడ్డును చెరిపివేయడం మాత్రం కూడదు. ఆ షెడ్డే ఆక్రమణకు ఆనవాలు. ఆ పగులే మరమ్మతు నిధులు అడగడానికి ఆధారం. సాక్ష్యాన్ని దాచరాదని ఖుర్ఆన్ ఆదేశిస్తున్నది. అందం కోసం దాచినా అది దాచడమే. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం కోరుతుంది. కనుక కెమెరా ఇచ్చిన మూల ఫైలును ముట్టుకోకుండా రెండు చోట్ల భద్రపరచాలి; మెరుగులన్నీ నకలుపైనే.

ఫోటోలు తగవని కొందరు పెద్దలు అనవచ్చు. పండితుల అభిప్రాయభేదం ప్రాణుల చిత్రాల గురించే గాని గోడలు, గుమ్మటాల గురించి కాదు. ఈ విద్య మగపిల్లలకే అన్న మాట కూడా చెల్లదు. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేక స్టూడియో తెరిచి, దానిని ఒక మహిళకు అప్పగించాడు. స్త్రీలు నమాజు చేసే భాగాన్ని, మన పాత ఇళ్ల జనానాలను మన కుమార్తెలు కాక మరెవరు చిత్రిస్తారు?

వక్ఫ్ అమానత్. అమానత్‌ను అప్పగించేవాడు దానిని ఉన్నది ఉన్నట్లు చూపాలి. కమిటీలు నిధులు కేటాయించాలి. స్టూడియోల్లో పనిచేసే మన పిల్లలు ఏడాదికి రెండు రోజులు కేటాయించాలి. రేపు ఎవరైనా వచ్చి ‘ఇక్కడ ఏముండేది?’ అని అడిగిన రోజున మనం తడబడకూడదు.